దూలగొండి గింజ, కదలని కాలు

కూర్చున్న మనిషి లేవాలంటే కండరాలకు ఆజ్ఞ ఇస్తే సరిపోదు. మెదడులో అప్పటికే పడి ఉన్న బ్రేకు వదలాలి. అది మెదడు లోపలి భాగంలో బేసల్ గ్యాంగ్లియా అనే కణాల గుంపుల చేతిలో ఉంటుంది. వీటి నుంచి బయటికి వెళ్లే నాడీకణాలు, మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా, సెకనుకు 60 నుంచి 80 సార్లు సంకేతాలు పంపుతూ కదలికలను అణిచిపెడుతుంటాయి. లేవాలనుకున్నప్పుడు ఆ ఒక్క కదలికకు సంబంధించినవి మాత్రం కాసేపు నోరు మూసుకుంటాయి. మిగతా చోట్ల బ్రేకు అలాగే ఉంటుంది.

బ్రేకు సులువుగా వదిలేలా చూసేది డోపమిన్ అనే రసాయనం. మెదడులోని దాదాపు 8,600 కోట్ల నాడీకణాల్లో దీన్ని అక్కడికి చేరవేసేవి కొన్ని లక్షలే. కదలికలు నెమ్మదించి, బిగుసుకుపోయే పార్కిన్సన్స్ జబ్బులో ముఖ్యంగా చచ్చిపోయేవి ఇవే.

ఈ కథలో మనకు తెలిసిన మొక్కలు రెండున్నాయి. సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ని ఒకప్పుడు బీపీకి, మానసిక జబ్బులకు వాడేవారు. 1950ల చివర్లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్లకిస్తే, మెదడులో డోపమిన్ ఖాళీ అయి, చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. డోపమిన్‌కు ముడిసరుకైన ఎల్-డోపా సూది వేశాక కాసేపటికే లేచి తిరిగాయి. డోపమిన్ రక్తం నుంచి మెదడులోకి పోలేదు. ఎల్-డోపా పోగలదు, పోయి డోపమిన్‌గా మారుతుంది. డోపమిన్ మీద చేసిన పనికి కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ వచ్చింది.

రెండోది దూలగొండి. అవును, కాయ మీది నూగు తగిలితే గోక్కోలేక చచ్చే ఆ దూలగొండే. కార్ల్‌సన్ కన్నా ఎంతో ముందు, 1937లో, మద్రాసులో దామోదరన్, రామస్వామి దాని గింజల నుంచి ఎల్-డోపాను వేరుచేశారు. ఇది చదివి గింజల పొడిని, పార్కిన్సన్స్‌కిచ్చే ఎల్-డోపా మాత్రలతో పాటు సొంతంగా మింగకండి. డోసు లెక్క తప్పుతుంది.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు కొందరు చదునైన నేల మీద, ముఖ్యంగా గుమ్మం దగ్గర, పాదాలు అతుక్కుపోయినట్టు ఆగిపోతారు. అదే నేల మీద అడుగుకో అడ్డగీత గీసి చూడండి. గీతలు దాటుకుంటూ చకచకా వెళ్లిపోతారు! కాళ్లలో బలం ఉంది, నడక మరిచిపోలేదు. తనంతట తాను మొదలుపెట్టే దారి దెబ్బతింది. కంటికి కనబడే గుర్తును పట్టుకుని కదిలే దారి చాలావరకు బాగానే ఉంది.

డోపమిన్ పని కాళ్లతో అయిపోదు, కోరికలూ దాని చేతిలోనివే. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు డోపమిన్ చేసే పనినే చేస్తాయి. ఇవి వాడేవాళ్లలో కొందరికి, జన్మలో పేకముక్క ముట్టనివాళ్లకైనా సరే, జూదం పిచ్చి పట్టుకుంటుంది. ఇంకొందరికి షాపింగో తిండో అదుపు తప్పుతుంది. 'ఈ వయసులో ఇదేం బుద్ధి' అని ఇంట్లోవాళ్లు తలపట్టుకుంటారు. డోసు తగ్గిస్తే చాలామందిలో ఆ పిచ్చీ తగ్గుతుంది. మనం గొప్పగా చెప్పుకునే నిగ్రహంలో ఎంత భాగం ఇలాంటి మోతాదుల పుణ్యమో అని నాకైతే అనుమానం. అలాగని మందు ఒక్కసారిగా మానేస్తే వేరే చిక్కులొస్తాయి. అందుకే వీటిని రాసే డాక్టరు రోగి భార్యనో కొడుకునో పక్కకు పిలిచి, ఫోన్లో రమ్మీ ఏమైనా ఆడుతున్నారా, డబ్బులు ఎటైనా పోతున్నాయా అని అడగడం కూడా వైద్యంలో భాగమే.