కఫీల్ చేతిలో వీసా: గల్ఫ్ వెళ్లేవాళ్లలో వినిపించే అపోహలు, అసలు సంగతులు

గల్ఫ్ నుంచి మన కార్మికులు చేసే ఫోన్లు తీయడం, వాళ్ల కేసులు చూడడం నా పని. ఒక్కొక్కరిదీ ఒక్కో కష్టం. కానీ కాసేపు మాట్లాడితే చాలా కేసులు ఒకేచోటికి వస్తాయి: పని ఇచ్చినవాడి చేతిలోనే ఆ దేశంలో ఉండే హక్కు కూడా ఉంటుంది. కఫాలా అంటే ఇదే. వీసా ఎవరి పేరు మీద వస్తుందో ఆ యజమానినే కఫీల్ అంటారు. మన దగ్గర ఉద్యోగం పోతే జీతం పోతుంది. అక్కడ జీతంతో పాటు ఉండే గది, ఆకామా (అక్కడ నివసించడానికి ఇచ్చే అనుమతి కార్డు), పోలీసు కనబడితే భయపడకుండా నడిచే వీలు కూడా పోతాయి.

అపోహ: ఆజాద్ వీసా మీద వెళ్తే ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చు.

ఏజెంట్లు అమ్మే ఈ ‘ఆజాద్’ వీసా, ‘ఫ్రీ’ వీసా ఏ గల్ఫ్ దేశ చట్టంలోనూ లేదు. ఆ వీసా మీద కూడా ఒక కఫీల్ పేరు ఉంటుంది. అతనికి పనివాడు అక్కర్లేదు, వీసా అమ్ముకున్నాడంతే. మీరు బయట పని వెతుక్కుంటారు, రెన్యువల్ వచ్చినప్పుడల్లా అతను అడిగినంత కడతారు. తనిఖీలో దొరికితే మాత్రం తప్పు మీదే అవుతుంది. జరిమానా, నిర్బంధం, ఆ తర్వాత ఇంటికి పంపేయడం. కువైట్‌లో ఇంటి పని కోసం ఇచ్చే ఖాదిమ్ వీసా మీద తెప్పించి షాపుల్లో పెట్టడం కూడా ఇలాంటిదే.

దెబ్బ తగిలిన రోజు దీని అసలు రూపం తెలుస్తుంది. నేను చూసిన ఒక కేసులో ఒకతను పరంజా మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. పని చేయించుకున్న కాంట్రాక్టర్ “ఇతను నా మనిషి కాదు” అన్నాడు. కఫీల్ “నా దగ్గర పని చేయలేదు కదా” అన్నాడు. కాగితాల ప్రకారం ఇద్దరి మాటా నిజమే. పరిహారం ఎవరిని అడగాలో మాకు అర్థం కాలేదు. ఆ అబ్బాయి స్ట్రెచర్ మీద ఇంటికి వచ్చాడు, వీసాకి చేసిన అప్పు ఇంకా అలాగే ఉంది. ఆజాద్ వీసా అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ అతనే గుర్తొస్తాడు.

అపోహ: కఫీల్ మంచివాడైతే ఏ టెన్షనూ లేదు.

మంచి కఫీళ్లు ఉన్నారు, కాదనను. కానీ ఆ మంచివాడు చనిపోవచ్చు, కంపెనీ మూతపడొచ్చు. ఆకామా రెన్యువల్ చేయించాల్సింది యజమాని. చేయించకపోతే పట్టుబడేది కార్మికుడు. అందుకే గడువు తేదీ మీరే చూసుకుంటూ ఉండాలి. సౌదీలో అయితే అక్కడి ప్రభుత్వ యాప్ అబ్షెర్‌లో కనిపిస్తుంది. ఆకామా గడువు తీరినా, వరుసగా మూడు నెలలు జీతం రాకపోయినా, సౌదీలో లేబర్ చట్టం కిందికి వచ్చే కార్మికుడు కఫీల్ ఒప్పుకోకుండానే వేరే యజమానికి మారే వీలుంది. ఈ ఒక్క సంగతి తెలియక చాలా కాలం నలిగినవాళ్లతో నేను మాట్లాడాను.

అపోహ: కఫాలా ఎత్తేశారు కదా, ఇంకేం భయం?

మార్పులు వచ్చాయి. ఖతర్ 2020లో యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) లేకుండా ఉద్యోగం మారే వీలు ఇచ్చింది, 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం పెట్టింది. సౌదీ సంస్కరణలు 2021 మార్చి 14న మొదలయ్యాయి. కానీ ఆ సౌదీ మార్పుల్లో ఇంటి పనివాళ్లను, ఇళ్ల డ్రైవర్లను, తోటమాలీలను, గొర్రెల కాపరులను కలపలేదు. ఎడారిలో ఒంటరిగా మందను కాసే మనిషికే రక్షణ ఎక్కువ కావాలి. అతన్నే బయట పెట్టారు.

అపోహ: జీతం ఇవ్వకపోతే చెప్పకుండా బయటపడిపోవాలి.

అలా వస్తే యజమాని ‘పారిపోయాడు’ అని రిపోర్టు పెట్టగలడు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. అది పడిందంటే రావాల్సిన జీతం సంగతి పక్కకు పోతుంది, మీరే నేరస్తులుగా కనిపిస్తారు. ఇలా కఫీల్‌ని వదిలి బయటపడినవాళ్లనే మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. పనిలో ఉండగానే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు నమోదు చేయించండి, ఆ నంబరు దాచుకోండి. బ్యాంకు మెసేజీలు, డ్యూటీ షీట్ల ఫొటోలు, వాయిస్ మెసేజీలు ఏవీ తీసేయొద్దు.

అయితే కొడుతున్నా, లైంగికంగా వేధిస్తున్నా, ప్రాణభయం ఉన్నా ఈ లెక్కలు చూసుకోవద్దు. నేరుగా భారత ఎంబసీకి వెళ్లండి. కేసుల సంగతి తర్వాత.

అపోహ: పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉండడం రూలే.

కాదు. సౌదీ, ఖతర్, కువైట్, యూఏఈల్లో యజమాని దాన్ని తన దగ్గర పెట్టుకోవడం నిషేధం. అడిగి తీసుకునే హక్కు మీకుంది.

అపోహ: విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు.

ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి అయిన) పాస్‌పోర్టు ఉన్నవాళ్లు పని కోసం గల్ఫ్ వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి, ఉండాలి. అది తీసుకుంటే మీ ఒప్పందం భారత ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది, ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటుంది. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసాతో ఇవేవీ ఉండవు. రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప సర్వీస్ చార్జీగా ఇంకేమీ తీసుకోకూడదు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి, టామ్‌కామ్ (తెలంగాణ), ఓంక్యాప్ (ఆంధ్రప్రదేశ్) లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి.

వెళ్లేముందు వీసా, ఒప్పందం, పాస్‌పోర్టు ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టండి. కఫీల్ పేరు, నంబరు, పనిచేసే చోటి లొకేషన్ కూడా పంపండి. ఇంటివాళ్లు ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడు మేం మొదట అడిగేది కఫీల్ పేరే. చాలా ఇళ్లలో అది ఎవరికీ తెలియదు.