సొంత మెకానిక్కా, బయట షెడ్డా? బండ్లున్న చిన్న వ్యాపారుల అపోహలు - వాస్తవాలు

నెల్లూరు ఆటోనగర్‌లో నాకు చిన్న షెడ్డుంది. రొయ్యల వ్యాన్లు, గూడూరు నిమ్మకాయల బండ్లు, రైసుమిల్లుల మినీ లారీలు, మంచినీళ్ల క్యాన్లు వేసే టాటా ఏస్‌లు ఎక్కువగా వస్తుంటాయి. బండ్లు నాలుగైదు అయ్యేసరికి ఓనర్లు అడిగేది ఒకటే: "అన్నా, నెలనెలా నీకు కట్టే బదులు ఒక కుర్రాణ్ని జీతానికి పెట్టుకుంటే పోలా?" నేను షెడ్డువాణ్ని, నా మాటలో నా లాభం కూడా ఉండొచ్చు. అందుకే లెక్కలు మీరే వేసుకుంటూ చదవండి.

అపోహ: సొంత మెకానిక్ ఉంటే ఖర్చు సగం తగ్గుతుంది.

వాస్తవం: జీతం నెలకు 20 వేలు అనుకుందాం. ఏడాదికి 2 లక్షల 40 వేలు. నాలుగు బండ్లకు పంచితే బండికి 60 వేలు, ఇంకా ఒక్క స్పేరు కూడా కొనకుండానే. జాకీలు, కంప్రెసర్, పనిముట్లు వేరే. పోనీ రోజూ పనుంటుందా అంటే ఉండదు. ఇంజన్ దించాల్సి వచ్చినా, డీజిల్ పంపు పని పడినా అతను కూడా బండిని ఆటోనగర్‌కే తోలుకొస్తాడు. పదిహేను బండ్లు దాటినవాళ్లకు సొంత మనిషి గిట్టుబాటు కావచ్చు, కాదనను.

అసలు చూడాల్సింది బండి ఎన్ని రోజులు నిలబడిందని. చెరువులో రొయ్యలు పట్టే రోజున వ్యాన్ కదలకపోతే బయటి బండికి బాడుగ కట్టాలి, ఆలస్యమైతే సరుకు రేటు పడిపోతుంది. రిపేరు బిల్లులో ఇవేవీ కనబడవు.

అపోహ: అంతా బయటికి ఇచ్చేస్తే మనకు టెన్షన్ ఉండదు.

వాస్తవం: దీనివల్లే ఎక్కువ బండ్లు పాడవుతున్నాయి. రొయ్యల వ్యాన్ అడుగున ఒకసారి దూరి చూడండి. ట్రేలలోంచి కారే ఐసు నీళ్లలో ఉప్పు ఉంటుంది. ఆ నీళ్లు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీద, కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) మీద, వెనక ఇరుసు మీదుగా పోయే ఇనప బ్రేకు పైపు మీద పడుతూనే ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో ఆ పైపును గీకితే కొన్ని బండ్లలో తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. ఏదో ఒకరోజు గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు పగిలేది అక్కడే. తీరం ఊళ్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో కడిగి బండి శుభ్రమైందనుకుంటారు!

ట్రిప్పు దిగగానే మంచినీళ్లతో అడుగుభాగం కడగడం, కమాన్ పిన్నులకు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు గ్రీజు కొట్టడం, ఆయిల్, కూలెంట్, టైర్ల గాలి చూసుకోవడం ఇంట్లో జరగాల్సిన పనులు. వీటికి మెకానిక్ అక్కర్లేదు, గ్రీజు గన్ను, ఓపికున్న డ్రైవరు చాలు. బ్రేకులు, స్టీరింగు మాత్రం డ్రైవరు చేతికి వదలొద్దు.

అపోహ: ఎయిర్ ఫిల్టర్‌కు గాలి కొడితే మళ్లీ కొత్తదే.

వాస్తవం: చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లవాళ్లు దీన్ని బాగా నమ్ముతారు. పంక్చర్ షాపులో ఫుల్ ప్రెషర్‌తో బయటినుంచి లోపలికి కొట్టిస్తారు. దాంతో దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది, కాగితం చిరిగితే రాతిపొడి నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. కొట్టక తప్పదంటే తక్కువ ప్రెషర్‌తో లోపలినుంచి బయటికి కొట్టాలి. ఫిల్టర్ ధర, ఇంజన్ బోరు పని ఖర్చు పక్కపక్కన పెట్టి చూసుకుంటే మీకే తెలుస్తుంది.

అపోహ: చెయ్యి తిరిగిన పాత మేస్త్రి ఏ బండైనా చేసేస్తాడు.

వాస్తవం: 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్నవి బీఎస్6 బండ్లు, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం తయారైనవి. శబ్దం విని లోపం పట్టే మేస్త్రులంటే నాకు గౌరవమే, కానీ వీటికి స్కానర్ పెట్టాలి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండిని టౌన్‌లోనే చిన్నచిన్న ట్రిప్పులు తిప్పితే అందులో మసి పేరుకుంటుంది. అది కాలిపోవాలంటే హైవే మీద కాసేపు ఆపకుండా నడపాలి. డ్యాష్‌బోర్డులో దాని లైటు వెలిగితే మాన్యువల్ చూడాలి గానీ, వైరు పీకేయడం పరిష్కారం కాదు. డీఈఎఫ్ ట్యాంకులో నీళ్లు పోసి తెచ్చే మహానుభావులూ ఉన్నారు. డీఈఎఫ్ అంటే పొగను శుభ్రం చేయడానికి వాడే యూరియా ద్రావణం, దాని బదులు నీళ్లు పోస్తే సిస్టమ్ మొత్తానికే ఎసరు.

వారంటీ ఉన్నన్నాళ్లు సర్వీసులు కంపెనీ పుస్తకం ప్రకారం చేయించండి. ఇందులో పెద్ద చర్చ లేదు.

అపోహ: రేటు తక్కువ చెప్పిన షెడ్డే లాభం.

వాస్తవం: రేటుకంటే ముందు మూడు అడగండి. ఏ కంపెనీ స్పేరు వేస్తారు? తీసిన పాత స్పేరు చేతికిస్తారా? బిల్లు మీద కిలోమీటర్ రీడింగ్ రాస్తారా? మూడోదానికి తల గీరుకుంటే ఇంకో షెడ్డు చూసుకోండి. బండికో పుస్తకం పెట్టి ఆయిల్ ఎప్పుడు మార్చారు, క్లచ్ ప్లేట్ ఎన్నాళ్లు వచ్చింది, బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లయిందా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఎప్పటివరకు ఉంది అన్నీ రాసుకోండి. ఆ పుస్తకం షెడ్డులో వదలొద్దు, మీ దగ్గరే ఉంచుకోండి. నా షెడ్డులో కూడా వదలొద్దు.