ఆదివారం కూడా డ్యూటీ ఎందుకంటే

చిన్నీ, బాబీ,

మొన్న ఫోన్లో "తాతయ్యా, ఆదివారం కూడా నీకు డ్యూటీ ఎందుకుండేది" అని అడిగారు కదా. మీ అమ్మ చిన్నప్పుడు అచ్చం ఇదే అడిగి అలిగి కూర్చునేది, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ రాయగడలో నేను చేసిన ఫ్యాక్టరీలో మిగతా ఆరు రోజులూ క్రేన్ ఆగేది కాదు, అది ఆగితేగానీ దాన్ని పరీక్షించడానికి మేం పైకెక్కలేం.

మీరు రోడ్ల మీద చూసే పొడుగు చెయ్యి క్రేన్ కాదది. షెడ్డు కప్పు కింద రెండు వైపులా పట్టాలుంటాయి, వాటి మీద నడిచే ఇనుప వంతెన అనుకోండి, దాన్నుంచి వైరు రోపు, రోపుకి హుక్కు. ఎక్కేముందు మెయిన్ ఆపి తాళం వేసి తాళంచెవి నా జేబులోనే పెట్టుకునేవాణ్ణి, ఇంకొకడి జేబులో ఉంటే నాకు టెన్షన్.

రోపు దగ్గరే సగం పూట అయిపోయేది. జడలాగా పాయలు పేని ఉంటాయి, మా దానికి ఆరు, ఒక్కో పాయలో సన్నటి తీగలు బోలెడు. తెగిన తీగ గ్రీజు కింద కనబడదు. అందుకని గ్రీజు తుడిచి, గ్లౌజు వేసుకుని, ఆగి ఉన్న రోపు చుట్టూ పాత గుడ్డపీలిక పట్టి మెల్లగా జరుపుకుంటూ పోతే తెగినచోట గుడ్డ టక్కున చిక్కుకుంటుంది. వట్టి చేత్తో తడిమితే ఏమవుతుందో నా బొటనవేలి మీద మచ్చ చూశారుగా, అదీ. తర్వాత మందం కొలవాలి. కొత్తలో 20 మిల్లీమీటర్లున్నది అరిగి 18కి వచ్చిందంటే ఇక మాటల్లేవు, దించేయడమే. తెగిన తీగలు ఒకేచోట గుంపుగా ఉంటే అంతదాకా కూడా ఆగం.

హుక్కు నోరు కూడా కొలిచి పుస్తకంలో రాసేవాళ్లం. అది పెద్దదైందంటే ఎవరో మోయించకూడని బరువు మోయించారన్నమాట, అడిగితే ఎవరూ ఒప్పుకోరనుకోండి. బ్రేకు డ్రమ్ము మీద నూనె మరక ఉందేమో చూడాలి, ఉంటే బరువు జారుతుంది.

లిమిట్ స్విచ్ సంగతి మాత్రం మర్చిపోలేను. హుక్కు మరీ పైకెళ్లి రోపు చుట్టుకునే డ్రమ్ముకి తగలకుండా మోటారుని ఆపేది అదే. ఓసారి మాటిమాటికీ ఆపేస్తోందని ఎవరో దాన్ని తీగతో కట్టేశారు. హుక్కు పైకెళ్లి గుద్దుకుంది, రోపు తెగింది, మొత్తం కిందపడింది. టీ టైము కాబట్టి కింద మనుషుల్లేరు, ఒక ఖలాసీ క్యారేజీ మాత్రం అప్పడమైపోయింది. ఏడాదికోసారి అర్హత ఉన్నవాడితో క్రేన్‌ని పూర్తిగా పరీక్ష చేయించాలని అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పేది, కానీ ఈ స్విచ్‌ని ప్రతి షిఫ్టు మొదట్లోనే ఖాళీ హుక్కుతో చూసుకోవాలి. ఆ రోజు చూడలేదు.

తెగిన ఆ రోపు ముక్క మూరెడు మన అటక మీదే ఉంది, మీ అమ్మమ్మ ఎన్నిసార్లు పారేయబోయిందో. సెలవులకి వచ్చినప్పుడు దించి చూపిస్తాను, గ్లౌజులు రెండు జతలు కొని ఉంచాను.

మీ తాతయ్య