కేబుల్ ముక్క వాసన

చిన్నూ, అమ్ములూ,

మొన్న పండక్కి వచ్చినప్పుడు, బాబాయి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన కొత్త కేబుల్ ముక్కను నేను బ్లేడుతో కోస్తుంటే ముక్కు దగ్గర పెట్టుకుని "తాతయ్యా, ప్లాస్టిక్‌కి ఈ తియ్యటి వాసనేంటి?" అన్నారు కదా. భోజనాల హడావిడిలో చెప్పలేకపోయాను. అది అసిటోఫినోన్ అనే రసాయనం వాసన.

రాగి తీగ మీదుండే ఆ తెల్లటి పొర పాలిథీనే, మన కవర్లలో ఉండేదే. ఉడికిన సేమ్యా పోగుల్లా పొడుగాటి కార్బన్ గొలుసులు ఒకదాని మీద ఒకటి పడుంటాయి, 110 డిగ్రీల వేడికి జారిపోతాయి. అందుకే వాటి మధ్య ముడులేసి వలలా చేస్తారు, దాన్నే క్రాస్‌లింకింగ్ అంటారు. ఇక అది కరగదు, 90 డిగ్రీల్లో ఏళ్ల తరబడి పనిచేస్తుంది, షార్ట్ సర్క్యూట్ అయితే కొన్ని సెకన్లపాటు 250 కూడా ఓర్చుకుంటుంది.

ముడులేసేది డైక్యూమిల్ పెరాక్సైడ్ అనే రసాయనం. వేడి తగిలితే దాని మధ్యలో ఉన్న రెండు ఆక్సిజన్ల బంధం పుటుక్కున తెగుతుంది. ఆ సగం ముక్క గొలుసు నుంచి ఒక హైడ్రోజన్ లాక్కుంటుంది, అలా హైడ్రోజన్ పోగొట్టుకున్న రెండు గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కొన్ని ముక్కలు మాత్రం లాక్కోకుండా తామే మళ్లీ చీలి అసిటోఫినోన్ అవుతాయి, విడిపోయిన మిథైల్ ముక్క చివరికి మీథేన్ అవుతుంది. ఆ గ్యాస్ పోవడానికే పెద్ద కేబుళ్లను వేడి గదుల్లో రోజుల తరబడి ఉంచుతారు.

లాక్కోవడమా, చీలడమా? కంటికి కనబడని ఆ క్షణాన్ని కంప్యూటర్‌లో లెక్కగడతారు. వాల్టర్ కోన్ అనే శాస్త్రవేత్తకి 1998లో నోబెల్ వచ్చింది ఆ రకం లెక్కకి పునాది వేసినందుకే. గొలుసంతా పెట్టరు, నాలుగైదు కార్బన్ల ముక్క చాలు, ఏ దారిలో శక్తి గట్టు, అంటే ఆ మార్పు జరగాలంటే దాటాల్సిన శక్తి, ఎంత ఎత్తో చూస్తారు. 180 డిగ్రీల దగ్గర ఆ గట్టు మోల్‌కి 9 కిలోజౌళ్లు పెరిగిందంటే వేగం పదో వంతుకి పడిపోతుంది. లెక్కలో తప్పూ ఒక్కోసారి అంతే ఉంటుంది, అందుకే నేను మొదట్లో ఆ లెక్కలు వేసేవాళ్లను చూసి నవ్వేవాణ్ణి. అంకెను నమ్మను గానీ ఏది ముందు, ఏది వెనక అన్న వరసను ఇప్పుడు నమ్ముతాను.

ఇంకో తమాషా ఉంది. అసిటోఫినోన్‌కి ఎలక్ట్రాన్లంటే ఇష్టం, పాలిథీన్‌కి అంత లేదు. డీసీ కేబుల్‌లో, అంటే కరెంటు ఒకే దిశలో పారే కేబుల్‌లో, అది మిగిలిపోతే ఛార్జి పోగయ్యి తలనొప్పి. అలాంటిదాన్నే గొలుసుకి కదలకుండా కట్టేస్తే, జోరుగా వచ్చే ఎలక్ట్రాన్లను ఆపి పొరను కాపాడుతుందని అవే లెక్కలు చూపిస్తున్నాయి.

ఆ ముక్కను కిటికీలో పెట్టాను. దసరాకి వచ్చి వాసన చూడండి, ఎంత మిగిలిందో.

మీ తాతయ్య