పెట్టెలో గసగసాలు, పాస్‌పోర్టులో ‘బ’: విమాన ప్రయాణాల మీద మావాళ్ళ అపోహలు

ఒడిశాలోని బరంపురంలో నాది విమాన టికెట్ల షాపు. వచ్చేవాళ్ళలో సగంమంది తెలుగువాళ్ళే. ఠాకురాణి యాత్రకి సెలవు మీద వచ్చి తిరిగి మస్కట్ వెళ్ళే వెల్డర్లు, సింగపూర్‌లో కూతురి పురిటికి బయల్దేరే అమ్మలు, పట్టు నేత మానేసి గల్ఫ్ దారి చూసుకునే కుర్రాళ్ళు. మాకు అంతర్జాతీయ విమానాశ్రయాలు చెరో దిక్కున రెండున్నాయి. రోడ్డు మీద భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విశాఖ 270 దాకా. రోజూ నా బల్ల ముందు వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇంటర్నేషనల్ అని బోర్డుంటే దుబాయ్‌కి డైరెక్టు ఫ్లైటు ఉన్నట్టే.

ఆ బోర్డు చెప్పేది ఒక్కటే. అక్కడ పాస్‌పోర్టు చూసే ఇమిగ్రేషన్ వాళ్ళు, పెట్టె చూసే కస్టమ్స్ వాళ్ళు, ఆరోగ్య అధికారులు ఉన్నారని. విమానం రావడం వేరే సంగతి. భువనేశ్వర్‌కి ఆ హోదా 2013 అక్టోబరులో దక్కింది. నేరుగా విదేశానికి మొదటి సర్వీసు, కౌలాలంపూర్‌కి, 2017 ఏప్రిల్లో గానీ లేవలేదు. మూడున్నరేళ్ళు ఉత్త బోర్డే. దుబాయ్ విమానం 2023 మే దాకా రాలేదు.

మరి సింగపూర్ లాంటి దేశాల కంపెనీలు విశాఖ దాకా వస్తుంటే గల్ఫ్ కంపెనీలు ఎందుకు రావు? ఇది నన్ను చాలామంది అడుగుతారు, చాలామంది ఏజెంట్లకీ తెలీదు. విదేశీ కంపెనీ మన దేశంలో ఏ ఊళ్ళో దిగొచ్చు, వారానికి ఎన్ని సీట్లు నడపొచ్చు అన్నది రెండు దేశాల ఒప్పందంలో రాసి ఉంటుంది. ఆగ్నేయాసియా దేశాల కంపెనీలకి మన ప్రభుత్వం 18 ఊళ్ళు ప్రత్యేకంగా తెరిచిపెట్టింది. ఆ జాబితాలో విశాఖా ఉంది, భువనేశ్వరూ ఉంది. గల్ఫ్ కంపెనీలకి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి గల్ఫ్ వెళ్ళాలంటే మన కంపెనీ ఏదో ఒకటి నడపాలి, లేదా హైదరాబాద్‌లోనో ముంబైలోనో మారాలి. నిరుడు ఉన్న విమానం ఈ ఏడూ ఉంటుందని మాత్రం లెక్కలేసుకోకండి. మార్చి ఆఖర్న ఒకసారి, అక్టోబరు ఆఖర్న ఒకసారి షెడ్యూళ్ళు మారిపోతాయి.

అపోహ: చిన్న ఎయిర్‌పోర్టులో చూసీచూడనట్టు వదిలేస్తారు.

“వైజాగులో మనోళ్ళే గదన్నా, ఒగ్గేత్తారు” అన్నాడు మొన్నొక కుర్రాడు. చేతిలో విజిట్ వీసా, వెళ్ళేది పనికి, చదివింది ఎనిమిది. ఎవరో బ్రోకరు నేర్పిన మాట అది.

విశాఖ కౌంటరైనా ముంబై కౌంటరైనా కంప్యూటర్లో కనిపించే రికార్డు ఒకటే. అసలు చిన్నచోటే ఎక్కువ ఇబ్బంది. రోజుకి ఒకటో రెండో విదేశీ విమానాలుండే చోట మీ వెనక నిలబడి తొందరపెట్టేవాడు ఉండడు. ఆఫీసరుకి తీరిక ఎక్కువ, ప్రశ్నలూ ఎక్కువే.

పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (పనికి దేశం దాటేముందు ప్రభుత్వ అనుమతి కావాలనే రకం) కిందకొస్తుంది. దానితో 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే క్లియరెన్స్ తీసుకోవాలి. గల్ఫ్ దేశాలన్నీ ఆ లెక్కలోవే. మలేషియా, థాయిలాండ్ కూడా. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగలిగిన ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షన్నర అడిగి రసీదు ఇవ్వనివాడు ఎవడో మీకే అర్థం కావాలి. క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది. రెండేళ్ళకి 275, మూడేళ్ళకి 375 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. విజిట్ వీసా మీద దొడ్డిదారిన వెళ్ళినవాడికి ఇందులో పైసా రాదు. ఆ కుర్రాడికి నేను టికెట్ కొట్టలేదు. ఇంకో షాపులో కొట్టించుకున్నాడేమో తెలీదు.

అపోహ: పేరులో ఒక్క అక్షరమేగా, ఏం కాదు.

ఇది సరిహద్దు జిల్లాలవాళ్ళ ప్రత్యేక జబ్బు. ఒడియా రాతలో ‘వ’ పోయి ‘బ’ వచ్చి కూర్చుంటుంది. బడి రికార్డులో వెంకటేష్ బెంకటేష్ అవుతాడు, రేషన్ కార్డులో వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది. ఆధార్ ఆంధ్రా వైపు ఇచ్ఛాపురం అత్తగారింట్లో చేయించుకుని ఉంటే మళ్ళీ ‘వ’.

షాపు పెట్టిన రెండో ఏడు ఓ పెద్దావిడ ఆధార్ చూసి టికెట్ కొట్టేశాను, పాస్‌పోర్టు అడగలేదు. కౌంటరు దగ్గర్నుంచి ఫోను. “బాబూ, నన్ను నేను కాదంటన్నారు” అందావిడ. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. కౌంటరు మూసే లోపు పేరు సరిచేయించేసరికి నాలుగు వేలు నా జేబులోంచే పోయాయి. అప్పట్నుంచి పాస్‌పోర్టు ముందు పేజీ కళ్ళారా చూడందే కీబోర్డు ముట్టను.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం ఇంకో చిక్కు. ఒంటి పేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళకి యూఏఈ 2022 నవంబరు నుంచి అభ్యంతరం పెడుతోంది. వీసాకి పెట్టకముందే సరిచేయించుకోండి.

అపోహ: చెక్-ఇన్ పెట్టెలో ఏం పెట్టినా పోతుంది.

కూతురి పురిటికి వెళ్తున్న ఒకావిడ పెట్టెని తూకం వేద్దామని షాపుకి తెచ్చింది. తెరిస్తే శొంఠి, వాము, బాలింత కాయం సీసా, రెండు కిలోల ఆవకాయ. అడుగున పాత చీర గుడ్డలో మూటకట్టి పావుకిలో గసగసాలు, పక్కన గోపాల్‌పూర్ చుట్టం ఇచ్చిన ఎండుకొబ్బరి గుండ్లు ఆరు.

గసగసాలు సింగపూర్‌లో నిషేధం. దుబాయ్‌లో, సౌదీలో మత్తుమందు కేసే. మనం కూరలో నూరి పోసుకునేదానికి అక్కడ జైలు. ఆవిడ నమ్మలేదు, కూతురికి వీడియో కాల్ చేయించి చెప్పించాను. ఎండుకొబ్బరిలో చమురు ఎక్కువ. దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది, కాబట్టి చేతిసంచిలోనూ వద్దు, పెట్టెలోనూ వద్దు. ఆవకాయ చేతిసంచిలో వద్దు, పెట్టెలో నూనె కారకుండా కడితే సరే. పవర్ బ్యాంకుది దీనికి తలకిందులు: పెట్టెలో పెట్టకూడదు, చేతిలోనే ఉండాలి. ఆ కొబ్బరి గుండ్లు మా ఇంట్లో నెల్లాళ్ళు వాడాం.

వచ్చేటప్పుడు బంగారం గురించి అందరూ అడుగుతారు. సుంకం లేకుండా ఏడాదికి పైగా అక్కడుండి వచ్చిన మగవాళ్ళకి 20 గ్రాములు, ఆడవాళ్ళకి 40. అదీ నగలకే. బిస్కెట్లకీ నాణేలకీ ఆ మినహాయింపు లేదు. భువనేశ్వరో విశాఖో చేరాక చూసుకుందాం అనుకోవద్దు, కస్టమ్స్ సాధారణంగా దేశంలో మొదట దిగిన చోటే. పెట్టె అక్కడే తీసుకుని, మళ్ళీ ఇవ్వాలి.

అపోహ: జయపూర్‌లో ఎక్కితే విశాఖలో కలిసిపోతుంది.

రాజస్థాన్ జైపూర్ కాదు, మా ఒడిశాలో కోరాపుట్ వైపు వాళ్ళ మాట ఇది. 2022లో అక్కడ మొదలైంది తొమ్మిది సీట్ల, ఒక్క ఇంజిన్ సెస్నా. ముచ్చటగా ఉంటుంది. కానీ రెండు టికెట్లూ విడివిడిగా కొంటే, కొండల మీద మబ్బు పట్టి చిన్న విమానం ఆగిపోయినప్పుడు పెద్ద విమానం వాళ్ళకి ఏ బాధ్యతా లేదు. ముందురోజే రండి.

అపోహ: భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు వచ్చేస్తే అన్ని దేశాలూ మన గుమ్మంలోకే.

విశాఖది నేవీ స్థావరం, ఐఎన్ఎస్ డేగా. పౌర విమానాలు నేవీ అవసరాలు చూసుకుని నడవాలి, రన్‌వే 3,050 మీటర్లు. భోగాపురానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది, అక్కడ 3,800 మీటర్లు, పైగా మనకి విశాఖ కంటే ఇవతలే. జాగా ఇబ్బంది తీరుతుంది. పైన చెప్పిన ఒప్పందాల చిక్కు మాత్రం ఎయిర్‌పోర్టు మారినంత మాత్రాన తీరదు.

ఇంకో రెండు, గబగబా. డిజియాత్ర మొహం చూపించి లోపలికి పోవడం దేశం లోపలి ప్రయాణాలకే, విదేశానికి పాస్‌పోర్టు చూపించాల్సిందే. నడవలేని పెద్దవాళ్ళకి చక్రాల కుర్చీ ఉచితం, 48 గంటల ముందు చెప్పాలి.

అపోహ: విమానం తప్పిపోతే టికెట్ డబ్బంతా పోయినట్టే.

ఛార్జీ పోవచ్చు. పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు మాత్రం తిరిగి ఇవ్వాలని డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధన. నాన్-రిఫండబుల్ టికెట్‌కైనా, మీరు ఎక్కకపోయినా సరే. ఆ డబ్బు చాలాసార్లు ఏజెంటు ఖాతాలోకి వచ్చి అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే ఎవరూ అడగరు. నా దగ్గర కొన్న టికెట్ అయితే నన్నూ అడగండి.