పింక్ ఎవరు, ఫ్లాయిడ్ ఎవరు?

2024 అక్టోబరులో సోనీ మ్యూజిక్ సంస్థ ఇంగ్లండు రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ రికార్డింగుల హక్కులన్నీ కొనేసింది. ధర సుమారు 40 కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. పాటల రచన, స్వరరచన హక్కులు ఆ బేరంలో లేవు. బృందం పేరు మీద హక్కు మాత్రం ఉంది. ఆ వార్త చదువుతున్నంతసేపూ నా మనసు అంకెల మీద నిలవలేదు. ఆ పేరు ఇద్దరు మనుషులది. ఒకరి పేరు పింక్, ఇంకొకరి పేరు ఫ్లాయిడ్. ఇద్దరూ అమెరికా దక్షిణాది నల్లజాతి గాయకులు, గిటార్ వాయిస్తూ వీధుల్లో, సంతల్లో బ్లూస్ అనే తమ జాతి పాటలు పాడినవాళ్లు. వాళ్ల ఇంటిపేర్లు పక్కన పెట్టి ఒంటిపేర్లు మాత్రం జోడిస్తే ప్రపంచమంతా ఎరిగిన పేరు తయారైంది. ఎలా తయారైందో చెప్పాలంటే 1960ల లండన్‌కు వెళ్లాలి.

ఆ బృందాన్ని మొదలుపెట్టిన రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ అప్పట్లో రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థులు. 1963లో ఆ కాలేజీలోనే ‘సిగ్మా 6’ అనే బృందంలో ముగ్గురూ కలిశారు. పేరు నిలవలేదు. మెగాడెత్స్ అన్నారు, ఆబ్‌డాబ్స్ అన్నారు, కొన్నాళ్లకు స్క్రీమింగ్ ఆబ్‌డాబ్స్ అన్నారు. హైగేట్‌లో వాళ్లు అద్దెకున్న ఇంటి యజమాని మైక్ లెనార్డ్ తానూ కీబోర్డు పట్టుకుని వాళ్లతో కూర్చునేవాడు. దాంతో ‘లెనార్డ్స్ లాడ్జర్స్’ అనే పేరు కూడా కొంతకాలం నడిచింది. లెనార్డు గారింట్లో అద్దెకున్నవాళ్లని దాని అర్థం. తర్వాత స్పెక్ట్రమ్ ఫైవ్, ఆ తర్వాత టీ సెట్. చివరిది కాస్త ఎక్కువకాలం ఉంది.

1964లో కేంబ్రిడ్జి నుంచి ఇద్దరొచ్చి చేరారు. బాబ్ క్లోజ్ గిటార్ మీద బాగా పట్టున్నవాడు, బ్లూస్ అభిమాని. 1965 నడిమికల్లా చదువు కోసం బృందం వదిలేశాడు. రెండోవాడు కాంబర్‌వెల్ ఆర్ట్ కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి వచ్చిన రోజర్ కీత్ బారెట్. ప్రపంచానికి అతను సిడ్ బారెట్. ఆ ‘సిడ్’ కూడా అరువు పేరే. కేంబ్రిడ్జిలో సిడ్ బారెట్ అనే పాత జాజ్ వాద్యకారుడు ఒకాయన ఉండేవాడు. ఇంటిపేరు కలిసింది గనక కుర్రాడికి స్నేహితులు ఆ పేరు తగిలించారు, అతను స్పెల్లింగులో ఒక అక్షరం మార్చి ఉంచేసుకున్నాడు. తనకంటే ముందుతరం సంగీతకారుడి పేరును ఒంటికి తొడుక్కోవడం బారెట్‌కు అప్పటికే అలవాటైన సంగతి. బృందానికి పేరు పెట్టే రోజు వచ్చినప్పుడు అతని చెయ్యి అటే పోయింది.

ఆ రోజు 1965లో వచ్చింది. లండన్ శివార్లలోని ఒక వైమానిక దళ స్థావరంలో వీళ్ల కార్యక్రమం. అది నార్తోల్ట్ అయ్యుంటుందని మేసన్ తర్వాత రాశాడు. తీరా అక్కడికి చేరితే అదే వేదిక మీద వాయించడానికి ఇంకో టీ సెట్ కూడా ఉందని తేలింది. ఒకే పేరుతో రెండు బృందాలు కుదరవు కదా. నిలుచున్నపళాన బారెట్ చెప్పిన పేరు ‘పింక్ ఫ్లాయిడ్ సౌండ్’. మిగతావాళ్లు సరేనన్నారు. అంతమాత్రాన అది వెంటనే స్థిరపడలేదు, కొన్నాళ్లపాటు పాత పేరూ కొత్త పేరూ రెండూ వాడారు.

ఆ పేర్ల జంట బారెట్‌కు దొరికిన చోటు ఒక గ్రామఫోను రికార్డు అట్ట. బ్లైండ్ బాయ్ ఫుల్లర్ అనే గాయకుడి 1930ల నాటి పాటలను ఫిలిప్స్ కంపెనీ 1960ల మొదట్లో ఇంగ్లండులో ఎల్పీగా వేసింది. అట్ట వెనుక పరిచయం రాసింది పాల్ ఆలివర్. అందులో ఒక వాక్యంలో, పీడ్‌మాంట్ కొండల్లో వాగుల వెంట పాడుకుంటూ తిరిగిన గాయకుల పేర్లు వరుసగా చెప్పుకుంటూ వచ్చి, చివర్లో పింక్ యాండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ పేర్లు పక్కపక్కన పెట్టాడు. ఆ ఇద్దరి రికార్డులూ బారెట్ దగ్గర ఉండేవని చాలామంది రాస్తుంటారు. నాకు మాత్రం ఆ అట్ట మీది వాక్యమే అసలు ఆధారంగా కనిపిస్తుంది. వీళ్లిద్దరూ ఒక జంటగా పాడినవాళ్లు కాదు, ఒక రాష్ట్రం వాళ్లు కూడా కాదు. పక్కపక్కన నిలబడింది ఆలివర్ వాక్యంలో.

ఆలివర్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. బ్లూస్ మీద ఇంగ్లండులో అంత శ్రద్ధగా రాసినవాళ్లు ఆ రోజుల్లో అరుదు. 1960లో స్వయంగా అమెరికా వెళ్లి గాయకులను కలిసి, వాళ్ల మాటలు వాళ్ల నోటితోనే రికార్డు చేసుకొచ్చాడు. అదే మనిషి వాస్తుశిల్ప చరిత్రకారుడు కూడా. పెద్ద పెద్ద కట్టడాలను వదిలి మామూలు జనం తమ చేతులతో కట్టుకున్న ఇళ్ల మీద జీవితమంతా పనిచేశాడు, 1997లో వాటి మీద ఒక విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుడయ్యాడు. ముగ్గురు ఆర్కిటెక్చర్ విద్యార్థులున్న బృందానికి పేరు ఆర్కిటెక్చర్ పండితుడి రాత నుంచి రావడం ఎవరూ అనుకుని చేసింది కాదు. కానీ పేరులేని తాపీమేస్త్రీల ఇళ్లను చూసిన కన్నే, అంతగా పేరు రాని పాటగాళ్లనూ చూసి ఆ వాక్యంలో పెట్టిందని నా నమ్మకం.

పీడ్‌మాంట్ అంటే అప్పలేషియన్ కొండల దిగువన, సముద్రతీర మైదానానికి ఎగువన ఉన్న నేల. వర్జీనియా, ఉత్తర, దక్షిణ కరోలినాలు, జార్జియాల మీదుగా సాగుతుంది. బట్టల మిల్లులు, పొగాకు గోదాములు అక్కడి బతుకుతెరువు. డర్హామ్ పట్టణంలో పొగాకు కూలీలు పని దిగి వచ్చే వేళకు ఫుల్లర్ లాంటివాళ్లు గిటార్లతో వీధిలో ఉండేవాళ్లు. మిసిసిపీ బ్లూస్‌లోని గరుకుదనం ఇక్కడి పాటలో తక్కువ. బొటనవేలు మంద్ర తీగల మీద అటూ ఇటూ తాళం వేస్తుంటే పై వేళ్లు పియానో రాగ్‌టైమ్ లాంటి చురుకైన వరస అల్లుతాయి. ఒక్క గిటార్ రెండు గిటార్లలా వినిపిస్తుంది.

పింక్ యాండర్సన్ అసలు పేరు పింక్‌నీ యాండర్సన్. 1900 ఫిబ్రవరి 12న దక్షిణ కరోలినాలోని లారెన్స్‌లో పుట్టి, గ్రీన్‌విల్‌లో, స్పార్టన్‌బర్గ్‌లో పెరిగాడు. చిన్నప్పుడు చిల్లర కోసం వీధిలో డాన్సు చేశాడు. పద్నాలుగేళ్ల ఈడులో కెర్ అనే ‘డాక్టరు’ నడిపే మందుల ప్రదర్శనలో కుదిరాడు. మన సంతల్లో మూలికలమ్మేవాళ్లు ముందు ఆటో పాటో పెట్టి జనాన్ని పోగేసినట్టే అక్కడా బండి కట్టుకుని ఊరూరా తిరిగేవాళ్లు. యాండర్సన్ పాడి, ఆడి, నవ్వించి గుంపును నిలబెడితే డాక్టరు సీసాలు అమ్ముకునేవాడు. 1945లో కెర్ విరమించుకునేదాకా, అంటే ముప్పై ఏళ్లు, అదే కొలువు. ఊళ్లో ఉన్న రోజుల్లో సిమీ డూలీ అనే అంధ గాయకుడి దగ్గర గిటార్ నేర్చుకున్నాడు. 1928లో గురువూ శిష్యుడూ అట్లాంటా వెళ్లి కొలంబియా కంపెనీకి నాలుగు పాటలిచ్చారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు పైగా యాండర్సన్ గొంతు రికార్డుకెక్కలేదు. 1950లో వర్జీనియాలో ఒకసారి, 1961లో శామ్ ఛార్టర్స్ అనే పరిశోధకుడు వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఇంకోసారి పాడాడు. ఆ 1961 పాటలు మూడు ఆల్బమ్‌లయ్యాయి. అరవై ఏళ్ల గొంతులో తొందర లేదు. ఎదుట కూర్చున్న మనిషికి కథ చెబుతున్నట్టు ఉంటుంది. ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరని రికార్డులవి.

ఫ్లాయిడ్ కౌన్సిల్ అతనికంటే పదకొండేళ్లు చిన్న. 1911 సెప్టెంబరు 2న ఉత్తర కరోలినాలోని చాపెల్ హిల్‌లో పుట్టాడు. ఊళ్లో స్ట్రౌడ్ సోదరులతో కలిసి వాయించాడు. ఫుల్లర్ పాటలు రికార్డు చేయించే జె.బి. లాంగ్ అనే దుకాణం మేనేజరు ఇతని వాయిద్యం విని 1937లో న్యూయార్క్ తీసుకెళ్లాడు. అక్కడ సొంతంగా పాడి రికార్డుకెక్కించినవి ఆరు పాటలు. మిగతావాటిలో ఫుల్లర్ పక్కన రెండో గిటార్. అప్పటి రికార్డుల మీద అతనికి పెట్టిన బిరుదు ‘దెయ్యానికి మామగారు’. అమ్మకాల కోసం కంపెనీలు అలాంటి పేర్లు తగిలించేవి. వీటి సంగతి తెలియకపోయినా బారెట్‌కు పేరు దొరికింది కదా అనొచ్చు. కానీ ఆ అట్ట మీదికి కౌన్సిల్ ఎక్కింది ఈ కొద్దిపాటి పాటల బలంతోనే.

బ్లూస్ పేర్లు అరువు తెచ్చుకోవడం అప్పటి ఇంగ్లండు కుర్రాళ్లలో మామూలే. 1962లో ‘జాజ్ న్యూస్’ పత్రికవాళ్లు ఫోన్లో బృందం పేరేమిటని అడిగితే బ్రయన్ జోన్స్ అనే గిటారిస్టు కింద పడున్న అమెరికా బ్లూస్ గాయకుడు మడీ వాటర్స్ రికార్డు చూసి, అందులోని పాట పేరే చెప్పాడు. రోలింగ్ స్టోన్స్ పేరు అలా వచ్చింది. అయితే మడీ వాటర్స్ ఎవరో ఆ బృందం జీవితాంతం చెబుతూనే ఉంది, వేదిక మీద ఆయన పక్కన నిలబడి పాడింది. యాండర్సన్‌కు, కౌన్సిల్‌కు ఆ భాగ్యం దక్కలేదు. దానికి ఒక కారణం పింక్ ఫ్లాయిడ్ సంగీతమే వేరే దారి పట్టడం. 1966లో వీళ్లను విన్న పీటర్ జెన్నర్, మిత్రుడు ఆండ్రూ కింగ్‌తో కలిసి మేనేజరయ్యాడు. పేరులోంచి ‘సౌండ్’ తీసేయమన్నాడు. 1967లో మొదటి రికార్డు వచ్చేసరికి పాత బ్లూస్ పాటలు పోయి, రంగుల దీపాల కింద సాగే సుదీర్ఘ వాయిద్య విన్యాసాలు మిగిలాయి. వినేవాళ్లకు పింక్ అంటే గులాబీ రంగు. ఆ పేరు తనకు ఎగిరే పళ్లెంలోంచి అందిందని బారెట్ కూడా చెబుతుండేవాడు.

1968 వసంతంలో బారెట్ బృందాన్ని వీడాడు. పేరు పెట్టినవాడు వెళ్లిపోయాక ఆ పేరు వెనుక మనుషుల్ని తలచుకునేవాళ్లు ఇంకా తగ్గారు. పింక్ అనేది వాళ్లలో ఒకడి పేరే అనుకునేవాళ్లు చాలామంది ఎదురయ్యేవాళ్లు. 1975లో వచ్చిన ఒక పాటలో రికార్డు కంపెనీ పెద్దమనిషి మీలో పింక్ ఎవరని అడగడం ఆ అనుభవం నుంచి వచ్చిందే. ఆ ప్రశ్నకు ఒక నిజమైన జవాబు ఉంది, అది స్పార్టన్‌బర్గ్‌లో ఉంది. పదేళ్ల తర్వాత రోజర్ వాటర్స్ బృందంలోంచి బయటికి వచ్చి, పేరు ఇక ఎవరూ వాడకూడదని 1986లో లండన్ హైకోర్టుకెక్కాడు. 1987 డిసెంబరులో రాజీ కుదిరింది, పేరు బారెట్ స్థానంలోకి వచ్చిన గిటారిస్టు డేవిడ్ గిల్మర్, మేసన్‌ల దగ్గర ఉండిపోయింది. ఆ దావా వేయడం తన పొరపాటని 2013లో వాటర్సే ఒప్పుకున్నాడు. ఇది నిజాయితీ గల మాట, మెచ్చుకుంటాను. కానీ ఆ తగవు నడిచినన్నాళ్లూ పేరు ఎవరిదన్న చర్చ ఆ నలుగురి చుట్టూనే తిరిగింది.

ఇందులో నన్ను పట్టి కుదిపేది 1973. ఆ ఏడాది మార్చిలో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. 1988 దాకా 741 వారాలు బిల్‌బోర్డ్ పత్రిక అమ్మకాల జాబితాలో ఉంది. ఆ వసంతంలో అమెరికా రికార్డు దుకాణాల్లో ఆ రెండు పేర్లూ అమ్ముడుపోతున్నప్పుడు ఆ ఇద్దరూ బతికే ఉన్నారు. యాండర్సన్‌కు 1964లో పక్షవాతం వచ్చి పాట బాగా తగ్గిపోయింది. కౌన్సిల్‌కు 1960ల చివర్లో అదే జబ్బు, గొంతు కండరాలు కొంత పడిపోయాయి. 1970లో పీట్ లౌరీ అనే జానపద పరిశోధకుడు టేపురికార్డరుతో వచ్చి ఒక మధ్యాహ్నమంతా ప్రయత్నించాడు. మనిషి మాత్రం చురుగ్గానే ఉన్నాడు, పాట రాలేదు. 1974 అక్టోబరు 12న స్పార్టన్‌బర్గ్‌లో యాండర్సన్, 1976 మే 9న శాన్‌ఫర్డ్‌లో కౌన్సిల్ కన్నుమూశారు.

యాండర్సన్ కొడుకు ఆల్విన్ కూడా గిటార్ పట్టాడు. వేదికల మీద తండ్రి పాటలు పాడాడు. తండ్రి పేరే తన పేరుగా పెట్టుకున్నాడు: లిటిల్ పింక్.