గుంటూరులో ఉన్నా మనది సముద్రపు ఒడ్డే

చిన్నోడికీ, అమ్ములుకీ తాతయ్య దీవెనలు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఎండు మెత్తళ్లు వేయిస్తుంటే ఇద్దరూ ముక్కు మూసుకుని బాల్కనీలోకి పరిగెత్తారు. నాకు కోపం రాలేదు. ఆ వాసన మన ఇంట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో మీకు ఇన్నాళ్లూ చెప్పలేదే అని బాధేసింది.

మనది నిజాంపట్నం. తెనాలి, రేపల్లె మీదుగా వెళ్లాలి. 2022 దాకా గుంటూరు జిల్లానే, ఇప్పుడు బాపట్ల జిల్లా. పక్కనున్న పెద్దపల్లి పేరు తెల్లవాళ్ల నోట 'పెటపోలి' అయింది, మన రేవును వాళ్లు అలాగే పిలిచారు. 1606లో డచ్చివాళ్లు వర్తకానికి వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం కంటే ముందు ఇక్కడే ఆగింది. వాళ్లకు కావలసింది మన బట్టలు, వాటికి ఎర్రరంగునిచ్చే చిరివేరు. మన తీరంలో లోతు తక్కువ, పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. అది దూరంగా లంగరు వేస్తే అలలు దాటించి సరుకు చేర్చింది ఇక్కడి పడవలు. ఆ ఓడ కెప్టెన్ హిప్పన్ పేరు పుస్తకాల్లో ఉంది. తెడ్డు వేసినవాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు. నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అదే.

మీ ముత్తాత బడికి వెళ్లలేదు. గాలి, నీటి రంగు చూసి వేటకు వెళ్లాలో వద్దో చెప్పేవాడు. నూలు వలలు త్వరగా చివికిపోకుండా చెట్టు బెరడు కాచిన నీళ్లలో నానబెట్టేవాడు. 1977 నవంబరు 19, శనివారం. నాకు పద్నాలుగేళ్లు. గాలి మారిందని ఆయన పొద్దున్నే పడవను పైకి లాగించి, మమ్మల్ని ఊళ్లో ఉన్న డాబా మీదికి ఎక్కించాడు. ఆ ఉప్పెన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. మేం బతికాం. పడవ, వలలు పోయాయి. నాన్న మళ్లీ అప్పుచేసి వల కొన్నాడు, నన్ను మాత్రం గుంటూరుకు చదువుకు పంపాడు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజన్ బోట్లు వేటకు వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. మీ సెలవులూ అప్పుడే. ఈసారి తీసుకెళ్తాను. మా అక్క ఇప్పటికీ ఇసుక అంటకుండా పాత వల పరిచి దానిమీద చేపలు ఎండబెడుతుంది. సరిగ్గా ఎండిందో లేదో వేళ్లతో విరిచి ఎలా చూడాలో ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకోండి.

మీ తాతయ్య